అవతల ప్లీడరు... ఇవతల మీరే!

"వాళ్లకి పెద్ద ప్లీడరుగారున్నారండీ! ఆయన ముందు మనం నిలబడగలమా?"

పనిలోంచి తీసేసిన మనిషిని లేబర్ ఆఫీసుకు వెళ్లమని చెబితే, మన గోదావరి జిల్లాల్లో తరచుగా వినిపించే జవాబిది. ఆ మనిషి రైస్ మిల్లు గుమస్తా కావచ్చు. రొయ్యల ప్లాంటులో గ్రేడింగు చేసే అమ్మాయి కావచ్చు. బట్టల కొట్లో సేల్స్‌మన్ కావచ్చు. యజమాని పక్కన నల్లకోటును ఊహించుకోగానే కాళ్లలో సత్తువ పోతుంది. ఇంట్లోవాళ్లు కూడా "పోనిద్దురూ, ఇంకో పని చూసుకోండి" అంటారు. పదేళ్లో పదిహేనేళ్లో చేసిన సర్వీసు, రావలసిన గ్రాట్యుటీ, నోటీసు జీతం అన్నీ ఆ ఒక్క మాటతో గోదాట్లో కలిసిపోతాయి.

ఈ భయం కొత్తది కాదు. 1947లో పారిశ్రామిక వివాదాల చట్టం రాసినవాళ్లకు కూడా ఇది తెలుసు. డబ్బున్న యజమాని పేరున్న ప్లీడర్ని పెట్టుకుంటాడు, కార్మికుడు పెట్టుకోలేడు, తక్కెడ మొదటిరోజే ఒకవైపు మొగ్గుతుంది. అందుకే చట్టంలో ఒక అడ్డుకట్ట కట్టారు. అది ఉందన్న సంగతి చాలామంది కార్మికులకు తెలియదు. ఈ వారం దాని గురించే చెప్పుకుందాం.

మీరు సరే అంటేనే ప్లీడరు

పాత చట్టంలో 36వ సెక్షన్ చెప్పిన మాట సూటిగా ఉంటుంది. లేబర్ ఆఫీసులో రాజీ చర్చలు జరిగేటప్పుడు ఏ పక్షం తరఫునా ప్లీడరు రాకూడదు. లేబర్ కోర్టులోనో ట్రిబ్యునల్లోనో అయితే రావచ్చుగానీ, దానికి రెండు తాళాలు తీయాలి. ఒకటి, ఎదుటి పక్షం ఒప్పుకోవాలి. రెండు, కోర్టు అనుమతించాలి. ఈ రెండింటిలో ఏది లేకపోయినా ప్లీడరు వకాల్తా చెల్లదు.

2025 నవంబరు 21న ఆ పాత చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. పేరు మారింది, సెక్షన్ల నంబర్లు మారాయి. ప్లీడరు విషయంలో ఈ నిబంధన మాత్రం కొత్త కోడ్‌లోనూ ఉంది.

దీనిమీద సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు మన పొరుగునున్న ఒడిశాది. పారాదీప్ పోర్టు ట్రస్టుకూ దాని కార్మికులకూ మధ్య వివాదం వచ్చింది. పోర్టు తన న్యాయవాదిని పంపింది. కార్మికులు ఒప్పుకోమన్నారు. న్యాయవాది వృత్తి చేసుకునే హక్కు ఉంది కదా అన్న వాదన వచ్చింది. 1976లో సుప్రీంకోర్టు కార్మికుల మాటే నిలబెట్టింది. ఎదుటి పక్షం ఒప్పుకోనిదే ప్లీడరు ప్లీడరుగా రాలేడని చెప్పింది. ఆ తీర్పును మళ్లీ చూడాలా అన్న ప్రశ్నను 2023లో సుప్రీంకోర్టే పెద్ద బెంచికి పంపింది. అయినా నిబంధన ఇప్పటికీ చట్టంలో ఉంది.

అయితే అదే తీర్పు రెండు పక్కదారులు కూడా చూపించింది. యజమానుల సంఘంలో పదవిలో ఉన్న మనిషి యజమాని తరఫున రావచ్చు. ఆయన ప్లీడరు కూడా అయితే అడ్డు చెప్పలేం. అలాగే కంపెనీలో నెలజీతానికి పనిచేసే లా ఆఫీసరు, బయట ప్రాక్టీసు చేయనివాడైతే, రావచ్చు. కాబట్టి అవతల నల్లకోటు లేకపోయినా చట్టం చదివిన మనిషి ఉండవచ్చు. దానికి సిద్ధపడే వెళ్లాలి.

ఇంకో సంగతి. అభ్యంతరం చెప్పాలంటే మొదట్లోనే చెప్పాలి. అవతలి ప్లీడరు వకాల్తా వేసి, కౌంటరు దాఖలు చేసి, నాలుగు వాయిదాలు నడిచాక "నేను ఒప్పుకోలేదండీ" అంటే వినరు. ఊరుకున్నారంటే ఒప్పుకున్నట్టే లెక్క అని పలు హైకోర్టులు చెప్పాయి. మొదటి వాయిదాకే తెల్లకాగితం మీద, తెలుగులోనైనా సరే, "యజమాని తరఫున న్యాయవాది హాజరుకావడానికి నా సమ్మతి లేదు" అని రాసి ఇవ్వండి. నకలు మీ దగ్గర ఉంచుకోండి.

అభ్యంతరం చెప్పడం ఎప్పుడూ మంచిదేనా? ఆలోచించుకోవాలి. మీరు వాళ్ల ప్లీడర్ని కాదంటే, రేపు మీకు ప్లీడరు కావాలన్నప్పుడు వాళ్లూ కాదంటారు. రెండువైపులా ప్లీడర్లు ఉండటమే మన కోర్టుల్లో ఎక్కువగా కనిపిస్తుంది. ఒక్కరే నిలబడాలని గట్టిగా అనుకున్నవాళ్లకే ఈ ఆయుధం.

గేటు దగ్గరే మొదలవుతుంది కేసు

ఉదాహరణకి, తణుకు దగ్గర ఒక మిల్లులో పన్నెండేళ్లుగా గుమస్తాగా చేస్తున్న మనిషిని ఊహించుకుందాం. సోమవారం పొద్దున్నే వెళితే వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపి, "మిమ్మల్ని లోపలికి పంపొద్దన్నారండీ" అన్నాడు. కాగితం లేదు, కారణం లేదు. ఆయన రెండురోజులు తిరిగి, విసుగొచ్చి ఇంట్లో కూర్చున్నాడు. ఆర్నెల్ల తర్వాత కోర్టులో యజమాని ఏమంటాడో తెలుసా? "మేం తీయలేదండీ, తనే మానేశాడు" అంటాడు.

ఇలాంటి కేసుల్లో అసలు తగువు ఇక్కడే. అందుకే గేటు దగ్గర ఆపిన రోజే ఇంటికొచ్చి ఒక ఉత్తరం రాయాలి. "ఫలానా తేదీన, ఇన్ని గంటలకు నేను పనికి వచ్చాను. లోపలికి రానివ్వలేదు. పనిచేయడానికి సిద్ధంగా ఉన్నాను" అన్న మూడు వాక్యాలు చాలు. పోస్టాఫీసుకెళ్లి అక్‌నాలెడ్జ్‌మెంటుతో పంపి, రసీదు దాచుకోవాలి. ఏడాది తర్వాత ప్లీడరు ఎంత గొంతు పెంచి "మీరే మానేశారు" అన్నా, తపాలా ముద్ర మీద తేదీని మార్చలేడు.

చెప్పకుండా మానేశాడన్న సాకుతో విచారణ లేకుండా తీసేయడాన్ని సుప్రీంకోర్టు 1993లోనే తప్పుపట్టింది. డి.కె. యాదవ్ కేసులో, ఎనిమిది రోజులకు మించి గైర్హాజరైతే ఉద్యోగం దానంతటదే పోతుందన్న కంపెనీ నిబంధన ఉన్నా సరే, మనిషి చెప్పుకునేది వినాల్సిందేనంది. ఉద్యోగం తిరిగి ఇప్పించి, సగం పాత జీతం కూడా ఇమ్మంది.

ఒకవేళ యజమాని పద్ధతిగా చార్జిషీటు ఇచ్చి విచారణ పెడితే? అక్కడ సాధారణంగా ప్లీడర్లు ఉండరు. తోటి ఉద్యోగి సాయం తీసుకోవచ్చు. అయితే యాజమాన్యం తన తరఫున చట్టం తెలిసిన అధికారిని కూర్చోబెడితే, ఉద్యోగి కూడా న్యాయవాదిని అడగవచ్చు. బొంబాయి పోర్టు ఉద్యోగి దిలీప్‌కుమార్ నాడకర్ణి కేసులో 1980ల తొలినాళ్లలో సుప్రీంకోర్టు చెప్పిందిదే. అటు చట్టం తెలిసినవాళ్లను పెట్టుకుని, ఇటు ఉద్యోగి న్యాయవాది కావాలంటే కాదనడం సహజ న్యాయం కాదంది. అడిగినట్టు మాత్రం రాతలో ఉండాలి.

తేదీ దాటితే తలుపు మూసినట్టే

ఒకప్పుడు కార్మికుడు నేరుగా లేబర్ కోర్టుకు వెళ్లలేకపోయేవాడు. ప్రభుత్వం "ఈ వివాదం విచారించండి" అని పంపిస్తేనే కోర్టు చూసేది. ఆ ఉత్తర్వు కోసం సెక్రటేరియట్ చుట్టూ తిరగాల్సి వచ్చేది. ఈ అడ్డు తీసేసిన రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ముందుంది. 1987లో మన శాసనసభ చట్టాన్ని సవరించి, తీసేసిన కార్మికుడు తనే నేరుగా లేబర్ కోర్టులో దరఖాస్తు వేసుకోవచ్చంది. ఇలాంటి వీలు కార్మికులకు ఉండాలని 1995లో సుప్రీంకోర్టు పార్లమెంటుకూ శాసనసభలకూ సూచించింది. దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది 2010లో.

ఇప్పుడు కొత్త కోడ్ ప్రకారం, పని పోయిన కార్మికుడు ముందు లేబర్ ఆఫీసులో రాజీ అధికారికి దరఖాస్తు ఇవ్వాలి. 45 రోజుల్లో తేలకపోతే నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. పని పోయిన రోజునుంచి రెండేళ్లలోపు వెళ్లాలి. పాత చట్టంలో మూడేళ్లుండేది, ఇప్పుడు ఒక ఏడాది తగ్గింది. "మూడేళ్ల టైముందిలే" అని ఎవరైనా పాతలెక్క చెబితే నమ్మకండి. కొత్త ట్రిబ్యునళ్లు ఏర్పడేవరకూ పాత లేబర్ కోర్టులే చూడాలని కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. మీ దరఖాస్తు ఎక్కడ వేయాలో లేబర్ ఆఫీసులో అడిగి, ఆ చెప్పిందేదో రాసుకోండి.

ఈ కోర్టు గుమ్మం ఎక్కాలంటే మీరు చట్టం దృష్టిలో 'కార్మికుడు' అయివుండాలి. మేనేజరు పని చేసేవాళ్లు రారు. సూపర్వైజరైతే నెలజీతం 18,000 దాటకూడదు. అయితే బోర్డు మీద రాసిన హోదాను చూడరు, రోజూ చేసే పని చూస్తారు. 'అసిస్టెంటు మేనేజరు' అని కార్డిచ్చి రోజంతా కాటా చీటీలు రాయిస్తే, ఆ పనే లెక్క. టీచర్లు మాత్రం ఈ చట్టం కింద కార్మికులు కారని 1988లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రైవేటు స్కూలు, కాలేజీ సిబ్బందికి 1982 నాటి మన విద్యా చట్టంలో వేరే అప్పీలు దారి ఉంది. గ్రాట్యుటీ హక్కు టీచర్లకూ ఉంది. దాన్ని 2022లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆర్టీసీ వాళ్లు 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వోద్యోగులయ్యారు కాబట్టి వాళ్ల సంగతి కూడా వేరు.

లెక్కలు వాళ్ల బీరువాలో ఉంటే?

"నేను పన్నెండేళ్లు చేశానండీ" అని బోనులో చెబితే సరిపోదా? సరిపోదు. ఏడాదిలో 240 రోజులు పనిచేశానని చూపించాల్సిన బాధ్యత కార్మికుడిదేనని 2002లో హదిమని కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒట్టి ప్రమాణపత్రం చాలదంది.

మరి హాజరు పట్టీ, జీతాల రిజిస్టరు యజమాని బీరువాలో ఉంటాయే! దీనికి జవాబు 2005లో వచ్చింది. యెల్లట్టి అనే కార్మికుడి కేసులో సుప్రీంకోర్టు దారి చూపింది. కార్మికుడు బోనెక్కి తన మాట చెప్పాలి. తన దగ్గరున్నవి చూపించాలి. హాజరు పట్టీ, జీతాల రిజిస్టరు యజమాని చేత తెప్పించమని కోర్టును అడగాలి. తెమ్మన్నా తేకపోతే, తెస్తే తమకే నష్టమని దాచారేమోనని కోర్టు అనుకునే వీలుంటుంది. అంతా కేసును బట్టి ఉంటుంది.

ప్లీడరు లేని కార్మికుడికి ఇంతకంటే పదునైన కత్తి లేదు. రిజిస్టర్లు తెప్పించమని ఒక అర్జీ రాయండి. ఏ రిజిస్టరు, ఏ నెలనుంచి ఏ నెలదాకా అని విడివిడిగా రాయండి. 'అన్ని రికార్డులూ' అని రాస్తే ఏదీ రాదు.

మీ దగ్గరుండేవి కూడా తక్కువేం కావు. పీఎఫ్ పాస్‌బుక్కులో ఏ నెల ఎవరు కట్టారో ఉంటుంది. ఇప్పుడది ఫోన్లోనే చూసుకోవచ్చు. ఈఎస్ఐ కార్డు, బ్యాంకులో జీతం పడిన లెక్క, మీ చేతిరాతతో ఉన్న కాటా చీటీలు, గేటు పాసు, పండక్కి ఇచ్చిన బోనస్ కాగితం, "రేపు ఆరింటికల్లా రండి" అని మేనేజరు పంపిన వాట్సాప్ మెసేజీ, ఇవన్నీ సాక్ష్యాలే. తేదీల వరుసలో పేర్చి, ఒక్కోదానికి నంబరు వేసి, పైన ఒక జాబితా పెట్టండి. న్యాయాధికారి చేతికి ఆ కట్ట అందిందంటే, మీరు నాలుగు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడలేదన్న లోటు కనిపించదు.

ఇంకొక్క మాట మరిచిపోకూడదు. ఖాళీగా ఉన్నన్నాళ్ల జీతం కావాలంటే, "అప్పట్నుంచీ నాకు వేరే ఉద్యోగం లేదు" అని మీ అర్జీలో రాయాలి, బోనులో చెప్పాలి. 2013లో దీపాలీ గుండు సుర్వసే అనే టీచరు కేసులో సుప్రీంకోర్టు ఈ పద్ధతి వివరించింది. మీరా మాట చెప్పాక, కాదు సంపాదిస్తున్నాడని రుజువు చేయాల్సిన బరువు యజమానిదవుతుంది. నిజం మాత్రమే చెప్పండి. కూలికెళ్లి ఉంటే కూలికెళ్లానని చెప్పండి. అబద్ధం బయటపడితే మిగతా నిజాలు కూడా కొట్టుకుపోతాయి.

బోనులో నిలబడ్డప్పుడు

అవతలి ప్లీడరు క్రాస్ చేసేటప్పుడు భయపెట్టేది ఆయన గొంతు. ప్రశ్న చిన్నదే ఉంటుంది. పూర్తిగా విని, అడిగినదానికే జవాబు చెప్పండి. తెలియకపోతే తెలియదనండి, గుర్తులేకపోతే గుర్తులేదనండి. కథ చెప్పబోయారా, ఆ కథలోంచే ఇంకో ప్రశ్న పుడుతుంది. చివర్లో ఆయన "మీరే స్వయంగా మానేశారు, డబ్బు కోసం ఈ కేసు వేశారు" అంటాడు. కోపం తెచ్చుకోకండి. అది ఆయన ప్రతి కేసులోనూ అడగవలసిన ప్రశ్న. "నిజం కాదండీ" అంటే సరి. అదే రికార్డులోకెక్కుతుంది.

వాళ్ల సాక్షిని మీరు అడిగేటప్పుడు ఒక్కో ప్రశ్నలో ఒక్కో విషయమే ఉంచండి. "ఈ కాటా చీటీ మీ మిల్లుదేనా?" "దీనిమీద తేదీ ఇదేనా?" "ఈ చేతిరాత నాదేనా?" "నా ఉత్తరం మీకు అందిందా?" "దానికి జవాబిచ్చారా?" ఇంతే. "నన్నెందుకు తీసేశారండీ?" అని మాత్రం అడగొద్దు. ఆ ఒక్క ప్రశ్నతో ఆయనకు పావుగంట ఉపన్యాసం చెప్పే అవకాశం ఇచ్చినట్టవుతుంది. ప్రశ్నలు ముందురోజు రాత్రి రాసుకోండి. ఇంట్లో ఎవరినైనా మేనేజరుగా కూర్చోబెట్టి అడిగిచూడండి. ఇంటరు చదివే మీ అమ్మాయే ఆ పని బాగా చేస్తుంది.

వాయిదాకు ఎట్టి పరిస్థితుల్లోనూ మానకండి. ఇది చెప్పినంత తేలిక కాదు. మన రాష్ట్రంలో లేబర్ కోర్టులు విశాఖపట్నం, గుంటూరు లాంటి కొద్ది ఊళ్లలోనే ఉంటూ వచ్చాయి. అమలాపురం వాడికైనా నరసాపురం వాడికైనా వాయిదా అంటే ఒకరోజు కూలి, రైలు చార్జీ, ఇంటికొచ్చేసరికి రాత్రి. కేసు ఏళ్లు పట్టవచ్చు. గెలిచినా ప్రతి ఒక్కరికీ ఉద్యోగం తిరిగి రాదు, కొందరికి పరిహారంతో సరిపెడతారు. అందుకే ఆఫీసులోనే మంచి రాజీ కుదిరితే చిన్నచూపు చూడకండి. 'ఫుల్ అండ్ ఫైనల్' కాగితంలో అంకె చూసి, చదివించుకుని, అప్పుడే సంతకం పెట్టండి. ఖాళీ కాగితం మీద సంతకం మాత్రం ఎవరడిగినా వద్దు.

ఒంటరిగానే ఉండాలని ఏమీ లేదు

ప్లీడరు లేకపోయినా యూనియన్ నాయకుడు మీ తరఫున నిలబడవచ్చు. దానికి అవతలివాళ్ల ఒప్పుదల అక్కర్లేదు. న్యాయవాదే కావాలనుకుంటే, 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం పారిశ్రామిక కార్మికులకు, స్త్రీలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. రాజమండ్రి, ఏలూరు జిల్లా కోర్టుల్లోని న్యాయసేవాధికార సంస్థలో అడగవచ్చు. 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. యజమాని హైకోర్టుకు వెళితే మాత్రం అక్కడ ఈ 'ఒప్పుదల' నిబంధన పనిచేయదు, ప్లీడర్లు మామూలుగానే వస్తారు. అప్పుడు ఈ సాయం తప్పకుండా తీసుకోండి. ఉద్యోగం తిరిగి ఇమ్మన్న తీర్పుమీద యజమాని పైకోర్టుకెళితే, అక్కడ తేలేదాకా మీ ఆఖరి జీతం లెక్కన నెలనెలా ఇమ్మని అడిగే హక్కుంది. అది కూడా అడిగితేనే వస్తుంది.

ఇంగ్లండులోనూ ఉద్యోగ వివాదాలకు ట్రిబ్యునళ్లున్నాయి. మామూలు మనిషి తనే వచ్చి చెప్పుకునేలా ఉండాలన్నది వాటి ఉద్దేశం. 2013లో అక్కడి ప్రభుత్వం వాటికి ఫీజు పెట్టింది. వచ్చే కేసులు మూడింట రెండువంతుల దాకా పడిపోయాయి. 2017లో అక్కడి సుప్రీంకోర్టు ఆ ఫీజును కొట్టేసింది. గుమ్మం దగ్గర చిన్న అడ్డు పెట్టినా బలహీనుడే వెనక్కి తిరుగుతాడని దాంతో రుజువైంది. మన లేబర్ కోర్టులో దావా విలువను బట్టి కట్టే కోర్టు ఫీజు లేదు. మనవాళ్లను వెనక్కి తిప్పేది ఎక్కువగా ఆ ప్లీడరు భయమే.

ఉద్యోగం నిక్షేపంగా ఉన్నవాళ్లు కూడా ఈ ఆదివారం ఒక పని చేయండి. పాత ఫైలొకటి తీసి అపాయింట్‌మెంట్ లెటరు, జీతం చీటీలు, పీఎఫ్ లెక్క, ఈఎస్ఐ కార్డు నకలు అందులో పెట్టండి. ఆ ఫైలెక్కడుందో ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పండి. అది తెరవాల్సిన రోజు రాకూడదనే కోరుకుందాం. వస్తే మాత్రం, మీ తరఫున మొదట మాట్లాడేది అదే.